ఎదుటికొండ మాట - ఐరిషువారి పాఠము

భాష యొక్కనాట చావదు. తాత మాటాడును, తండ్రికి మాటాడ వచ్చును గాని మాటాడడు, కుమారునకు వినిన తెలియును గాని నోటికి రాదు, మనుమనికి తెలియనే తెలియదు. ఈ నాలుగు మెట్లు దిగుటకు నూఱేండ్లైనను పట్టదు. దిగుచున్నంతకాలము ఇంటిలో నెవరికిని నష్టము కలుగుచున్నట్లు తోచదు. కడపటి మెట్టు దిగి వెనుదిరిగి చూచునప్పటికి ఎక్కుటకు మెట్లు కానరావు. అట్టి యవస్థలో చిక్కి, తిరిగి పైకెక్కుటకు పాటుపడుచున్న జాతి యొకటి ఐరోపాఖండపు పడమటి కొసను కలదు. ఆ ఐరిషువారు తమ భాష నేర్చుకొనుటకు నేడు వాడుచున్న క్రొత్త పనిముట్లను గూర్చి పాఠకులకు విన్నవింప దలచితిమి. దూరదేశపు వింతగా చెప్పుట మా యుద్దేశము కాదు. మన యింటి సంగతి చూచుకొనుటకు అది మంచి యద్దము కావున చెప్పుచున్నాము.

అనకాపల్లి జిల్లాలోని దేవరాపల్లి మండలము మైదానమునకును మన్యమునకును నడుమ గడపవలె నున్నది. దిగువ వరి, చెఱకు పండు పల్లములు; ఎగువ అనంతగిరి కొండలు. శారదానదీ జలములను నిలుపు రైవాడ జలాశయము ఈ మండలములోనిదే. ఆ నీరు పొలములకును, కాలువ వెంట విశాఖపట్టణమునకును పోవుచున్నది. ఆ నీరు పుట్టు కొండలమీద కొండదొరలు, కోందులు మొదలైన గిరిజనులు కాపురమున్నారు. కొండదొరల సొంతభాషకు కూబి యని పేరు. పండితులు దానినే కోండభాష యనియు వ్రాయుదురు. కోందులు పలుకునది కువి. ఈ రెండును తెలుగునకు అక్కచెల్లెండ్ర వంటి ద్రావిడభాషలు. గోండి, కుయి భాషలతో పాటు తెలుగున్న కుదురునకే చెందినవి. ఇవి తెలుగులో మోటు యాసలని కొందఱు తలంచుట శుద్ధ పొరపాటు.

నేడు దేవరాపల్లిలో పదవ తరగతి చదువు బాలుడు, రాత్రి భోజనమైన పిమ్మట సెల్‌ఫోను చేతబట్టి, పుస్తకమునకై పైసయైనను వెచ్చింపక, ఐరిషుభాష నేర్చుకొన నారంభింపవచ్చును. పాఠములు కలవు, నిఘంటువులు కలవు, మాట మాటకును పలుకుబడి వినిపించు గొంతులు కలవు. కాని యా బాలుడు తన యింటి యరుగుమీద నిలిచి చూచిన కనబడు కొండపై నాడు కూబి నేర్చుకొన దలచినచో, ఆ పాటి బడి ఆ ఫోనులో లేదు. ఏడుసముద్రముల కావలి మాట అరచేతికి వచ్చినది. ఎదుటికొండ మాట రాలేదు. ఇట్లేల జరిగినది? ఇందుకు బాధ్యులెవరు? ఈ ప్రశ్నలే నేటి మా ప్రస్తావమునకు మూలము.

ఐరిషువారు పోగొట్టుకొన్న తెఱగు

ఐరిషుభాష ఎట్లు సన్నగిల్లినదో మొదట తెలిసికొనవలెను. 1831లో ఇంగ్లీషు ప్రభుత్వము ఐర్లండులో జాతీయపాఠశాలలను నెలకొల్పినది. వానిలో చదువెల్ల ఇంగ్లీషున సాగెను. ఇంటిమాట బడిలో పలికిన పిల్లల మెడకు కఱ్ఱముక్క కట్టి, పలికిన ప్రతిమాటకు దానిపై నొక గాటు పెట్టి, సాయంకాలము గాట్ల లెక్కను దెబ్బలు వేయు ఆచారము పలుచోట్ల నుండెను. అందు తలిదండ్రులును పాలుగొనిరి. వారు కఠినులై కాదు. ఇంగ్లీషు రానివానికి కూడు లేదని నమ్మిరి గనుక. తరువాత 1845 మొదలు 1852 వఱకు బంగాళదుంప పైరు కుళ్ళి మహాక్షామము వచ్చినది. సుమారు పదిలక్షలమంది చచ్చిరి; మఱి పదిలక్షలమంది దేశము విడిచిరి. ఐరిషు మాటాడు పడమటి పేదపల్లెలకే ఆ దెబ్బ గట్టిగా తగిలెను. 1851 లెక్కలలో ఐరిషు తెలిసినవారు 15 లక్షలు. 1891 నాటికి 6 లక్షల 80 వేలు.

ఆ దశలో డగ్లస్ హైడ్ అను పండితుడు 1892లో నొక యుపన్యాసమున తన జాతిని మందలించెను. మఱుసటి యేడు, 1893లో, గేలిక్ సంఘము వెలసినది. ఊరూర రాత్రిబడులు పెట్టి పెద్దలకు తమ పూర్వులభాషను తిరిగి నేర్పుట ఆ సంఘము పని. స్వాతంత్ర్యోద్యమమునకు నిలిచిన వారిలో పెక్కుమంది అందు అక్షరాభ్యాసము చేసినవారే. హైడ్ 1938లో ఐర్లండునకు మొదటి అధ్యక్షుడయ్యెను. మన వరాహగిరి వేంకటగిరిగారు 1913 మొదలు 1916 వఱకు డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదివిన కళాశాలలోనే ఆ కాలమున హైడ్ ఐరిషుభాషాచార్యుడుగా నుండెను. గిరిగారు 1969లో మన రాష్ట్రపతి యైనారు. అట్లు ఐర్లండు మన తెలుగువారికి క్రొత్తచుట్టము కాదు. నేడు చదువులకును ఉద్యోగములకును పోయి అచట స్థిరపడిన తెలుగుకుటుంబముల పిల్లలు బడిలో ఐరిషు పాఠము అప్పగించుచున్నారు.

1937 నాటి రాజ్యాంగము ఐరిషును ప్రథమ అధికారభాషగా చాటినది. బడులలో అది విధిగా చదువవలసిన పాఠము. 1972లో ఐరిషుభాషకు ప్రత్యేక రేడియో, 1996లో టెలివిజను ఏర్పడినవి. 2007లో అది ఐరోపా సమాఖ్య అధికారభాషలలో చేరినది. ఇంత బలగము వెనుకనున్నందుననే, కంప్యూటర్లును ఫోనులును వచ్చిన కాలమున, వారు చేయదగిన పనికి తడబడలేదు.

చేతిలోని బడి

వారి పనిముట్లలో మొదట చెప్పదగినవి నిఘంటువులు. 1959లోను 1977లోను అచ్చయిన రెండు పెద్ద నిఘంటువులను టియాంగ్లన్ అను చోట ఉచితముగా చూడవచ్చును. 2013లో నొక క్రొత్త ఇంగ్లీషు-ఐరిషు నిఘంటువు ఇంటర్నెట్టులోనే వెలువడినది. మాటను ఒత్తినచో చాలు, మనస్టర్, కానక్ట్, అల్స్టర్ అను మూడు ప్రాంతముల పలుకుబడులను వేర్వేరుగా మూడు గొంతులు వినిపించును. ఏది సరియైనది యను తగవు లేదు, మూడును సరియైనవే. డబ్లినులోని ట్రినిటీ కళాశాలవారు 'అబర్' అను యంత్రమును సిద్ధపఱచినారు. ఆ పేరునకు 'పలుకుము' అని అర్థము. మనము వ్రాసియిచ్చిన వాక్యమును అది ఆయా ప్రాంతపు యాసతో చదివి వినిపించును.

మాటలతో పాటు ఊరిపేర్లను వారు విడువలేదు. ఇంగ్లీషు సర్వేదారులు తమ చెవికి తోచినట్లు వ్రాసిన కొండల, వాగుల, పల్లెల పేర్లకు మూలరూపము లేవో వెదకి, 'లోగానిమ్' అను కోశమున 2008 నుండి అందఱకు అందుబాటులో నుంచిరి. రైతు తన చేనిగట్టు పేరునకు అర్థమేమో అందు చూచుకొనగలడు.

మాకు అన్నిటికంటె మెచ్చదగినదిగా తోచినది 'దూహస్' అను భాండారము. 1937 మొదలు 1939 వఱకు ఐర్లండు ప్రభుత్వము ఒక విచిత్రమైన పని చేసినది. సుమారు 5,000 ప్రాథమికపాఠశాలలలోని పెద్దతరగతుల పిల్లలను, ఏబదివేలమందిని, వారి వారి ఇండ్లలోని అవ్వలకడకు, తాతలకడకు పంపెను. కథలు, సామెతలు, పసరుమందులు, దయ్యముల ముచ్చటలు, పంటపండుగలు, వినినవి వినినట్లు వ్రాసికొని రమ్మనెను. అట్లు సుమారు 7 లక్షల 40 వేల పుటలు పోగైనవి. పండితులు చేయలేని పనిని బడిపిల్లలు చేసిరి. ఆ పుటలన్నిటికి ఛాయాచిత్రములు తీసి ఇంటర్నెట్టులో పెట్టుట మన కాలమున జరిగినది. పిల్లల చేతివ్రాతను చదివి అచ్చక్షరములలోనికి ఎత్తివ్రాయు పనిని దేశదేశముల స్వచ్ఛందసేవకులు చేయుచున్నారు. 80 ఏండ్ల నాటి పిల్లవాని కోడిగీతలు నేటి విద్యార్థికి పాఠ్యపుస్తకమైనవి.

2014లో డ్యుయోలింగో యను ఫోను పాఠములలో ఐరిషు చేరినది. దానిని మొదట కూర్చినవారు జీతములు లేని భాషాభిమానులు. ఆ సేవకై వారిని అధ్యక్షుడు మైకేల్ హిగ్గిన్సు 2016లో ప్రశంసించెను. ఐర్లండు గడ్డనే త్రొక్కని వారు కూడ లక్షలసంఖ్యలో ఆ పాఠములు మొదలుపెట్టిరి.

చెవికి పట్టు పాఠము

ఈ భాషకు వినికిడి సాధనము లేల ముఖ్యమో మన పాఠకులు తేలికగ తెలిసికొనగలరు. ఐరిషున మాట మొదటి యక్షరము ముందున్న మాటను బట్టి మాఱును. 'ఇల్లు' అను అర్థము గల పదము తకారముతో మొదలగును. 'మా యిల్లు' అనునప్పుడు ఆ తకారము దకారమగును. ఇంగ్లీషువారికి ఇది తలనొప్పి. మనకేమి? చిన్నయసూరిగారి బాలవ్యాకరణమున గసడదవాదేశము చదివినవారమే కదా! తల్లియు తండ్రియు కలిసిన తల్లిదండ్రులగుదురు. కూరయు కాయయు కలిసిన కూరగాయ యగును. అచట తకారము దకారమైన రీతియే ఇచట కూడ నైనది. భేద మొక్కటి: మనము మాఱిన యక్షరమునే వ్రాయుదుము; వారు పాతదానిని చెఱపక దాని ముందు క్రొత్తదానిని చేర్చి వ్రాసి, క్రొత్తదానినే పలుకుదురు. కావున పుస్తకము చూచి నేర్చినవాడు తప్పు పలుకును; చెవితో వినినవాడు ఒప్పు పలుకును. ఇంతకుముందు ఆ గొంతు వినుటకు పడమటి సముద్రతీరపు పల్లెలకు పోవలసియుండెను. ఇప్పుడది జేబులోనికి వచ్చినది.

పనిముట్టు చేయజాలని పని

ఇంతచెప్పి ఇచటనే ఆగినచో మేము పాఠకులను వంచించిన వారమగుదుము. 2022 జనాభా లెక్కలలో ఐరిషు వచ్చునని చెప్పుకొనినవారు 18,73,997 మంది; నూటికి 40 మంది యన్నమాట. కాని బడి వెలుపల ప్రతిదినమును దానిని మాటాడువారు 71,968 మంది మాత్రమే. ఆ రెండు సంఖ్యల నడుమ నున్న అగాధమే అసలు పాఠము. నిఘంటువులు, యంత్రములు, పాఠములు అన్నియు వచ్చుననువారి సంఖ్యను పెంచగలవు. మాటాడువారి సంఖ్యను పెంచునవి ఇల్లు, అంగడి, ఆటస్థలము. సాయంకాలము పది నిమిషములు ఫోనుతో పలికి, తెల్లవాఱినది మొదలు ఇంగ్లీషుననే బ్రదుకువానికి భాష ఒక వ్యాయామము; బ్రదుకు కాదు.

మఱియొక హెచ్చరిక. 2020లో, ఐర్లండునకు పొరుగున నున్న స్కాట్లండు వారి స్కాట్సుభాషలోని వికీపీడియా సంగతి బయటపడినది. ఆ భాష రాని అమెరికా యువకు డొకడు నిఘంటువులోని మాటలను ఇంగ్లీషు వాక్యములలో దిగవేసి వేలకొలది వ్యాసములు నింపియుండెను. అతని మనసు మంచిదే. కాని చిన్నభాష విషయమున తప్పు వ్రాత పెద్దయపాయము. ఒప్పు వ్రాతలు తక్కువగ నున్నచోట తప్పే ప్రమాణమై కూర్చుండును. నేటి యనువాదయంత్రములు ఇంటర్నెట్టులో దొరకిన వ్రాతలను చూచియే నేర్చుకొనును గనుక ఆ యపాయము ఇంకను హెచ్చినది. సొంతవారు తోడులేక చేసిన సాధనము మేలు చేయుటకు మాఱుగ కీడు చేయును.

మన కొండలలో జరిగినది

ఇక దేవరాపల్లి కొండలకు మరలుదము. మనకు మార్గదర్శకులు లేరని యెవ్వరును అనజాలరు. ఐర్లండున గేలిక్ సంఘము పుట్టిన కాలముననే, ఆనాటి గంజాము జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నున్న గిడుగు వేంకటరామమూర్తిగారు సవరభాష నేర్చుకొన నారంభించిరి. ఆయన చేతిలో నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. సవరభాష తెలిసినవారిని ఇంట నుంచుకొని, మాట మాట అడిగి, వినినది వ్రాసికొనిరి. మన్యములు తిరిగిరి, చలిజ్వరమునకు వాడిన క్వినైనా వలన ఆయన చెవులు చెడినవని చెప్పుదురు. ఇతరుల మాటలు విని వ్రాయుటకై తిరిగిన మనుజుడు వినికిడినే దానికి మూల్యముగ నిచ్చుకొనెను. సవరపిల్లలకు వాచకములు వ్రాసిరి, బడులు పెట్టిరి. ఆయన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని మనము తెలుగుభాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. పూలదండలు వేయుదుము, వ్యావహారికభాషను గూర్చి ఉపన్యసింతుము. ఆయన జీవితమున సగము సవరలకై ధారపోసిన సంగతి ఎన్ని సభలలో వినబడుచున్నది?

కూబికి కూడ ఉపకారము చేసినవాడు తెలుగువాడే. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో కోండభాషపై సమగ్రమైన వర్ణనాత్మకగ్రంథము ప్రకటించిరి. ఆ గ్రంథము తెలుగువారు ఆలకింపదగిన సంగతి యొకటి తెలుపుచున్నది. మన యక్షరమాలలో బండి 'ఱ' కలదు గాని, దాని ప్రత్యేకధ్వని మన నోట ఏనాడో అణగిపోయినది; 'ర'కు 'ఱ'కు భేదము వ్రాతలోనే మిగిలినది. ఆ భేదము కూబి మాటాడువారి నోట నేటికిని బ్రదికియున్నది. మనము పోగొట్టుకొన్నది మన చెల్లెలు కొండమీద దాచియుంచినది. ఆమె మాట మాసిపోయినచో మన పూర్వచరిత్రలో నొక పుట మాసిపోయినట్లే.

2004లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కోండ, కువి, కోయ, గోండి, కొలామి, లంబాడి, ఆదివాసి ఒరియా అను ఎనిమిది భాషలలో ప్రాథమికవిద్య ప్రారంభించినది. తెలుగు లిపిలోనే వాచకములు వ్రాయించిరి. పిల్లవాడు మొదట ఇంటిమాటతో చదువు మొదలిడి, తరగతి తరగతికి తెలుగులోనికి నడచివచ్చునట్లు ఏర్పాటు. తలంపు ఉత్తమమైనది, 1956లో మన రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము కోరినదియు అదియే. ఆ వాచకములను, వానిని వ్రాసిన గిరిజనోపాధ్యాయుల గొంతులను ఫోనులోని పాఠములుగా మలచి యున్నచో, నేటికి కూబికి ఒక చిన్న టియాంగ్లన్ సిద్ధమై యుండెడిది.

యంత్రసాధనములు గిరిజనభాషలకు బొత్తిగా రాలేదనుట న్యాయము కాదు. సవరభాషకు 1936లో మంగై గొమాంగో కల్పించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడులో చేరినది. ఆ యేటనే అమెరికా పండితులు సవరమాటలను వినిపించు నిఘంటువును ప్రకటించిరి. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజనవ్యవహారముల శాఖవారు 'ఆదివాణి' యను అనువాదయంత్రమును సంతాలి, భీలి, ముండారి, గోండి భాషలకు ప్రారంభించిరి. కుయి, గారో భాషలు తరువాతి విడతకు ఉద్దేశింపబడినవి. కాని చూడుడు: ఎక్కువమంది మాటాడు భాషలకే ముందు వరుస.

కూబి యవస్థ మిక్కిలి చిత్రమైనది. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో చేరుటకు అది మిక్కిలి చిన్నది. 2013లో కేంద్రప్రభుత్వము నశించుచున్న భాషల రక్షణకై మైసూరు భాషాసంస్థ ద్వారా పెట్టిన పథకము పదివేల కంటె తక్కువమంది మాటాడు భాషలకు మాత్రమే. దానికి కూబి మిక్కిలి పెద్దది. 2011 లెక్కలలో కోండభాష మాతృభాష యని చెప్పినవారు 60 వేల చిల్లర. పెద్దవారి పంక్తిలో విస్తరి లేదు. రోగుల పంక్తిలో పథ్యము లేదు. 2001 నాటికి ఆంధ్రప్రదేశమున కొండదొరల సంఖ్య రెండులక్షలు దాటినది. ఆ యేటి లెక్కలలో కోండభాష పేర్కొన్నవారు, ఒరిస్సావారిని కలుపుకొనినను, 60 వేలకు లోపే. అనగా ఆ తెగవారిలో అధికసంఖ్యాకులు మెట్లు దిగియే యున్నారు. వారు దిగినది తెలుగులోనికి.

చేదైన మాట

ఇచట మన మొక చేదుమాట మ్రింగవలెను. ఇంగ్లీషు వచ్చి తెలుగును నెట్టుచున్నదని ప్రతిదినమును వాపోవుచున్నాము. ఈ పుటలోనే వాపోయితిమి. అది న్యాయమైన దుఃఖమే. అయినను కొండకు దిగువ నిలిచి చూచినచో, ఐర్లండున ఇంగ్లీషు చేసిన పనిని ఇచట మన తెలుగు చేయుచున్నది. మనము కఱ్ఱముక్కలు మెడకు కట్టలేదు, నిజమే. కాని కొండపిల్లవాడు బడిలో తన మాట పలికినప్పుడు నవ్విన నవ్వు చాలదా? మండలకార్యాలయమున, ఆస్పత్రిలో, బస్సులో తెలుగు రానివాడు తెలివి లేనివాడని చూచిన చూపు చాలదా? ఆ చూపు సోకిన తల్లి తన బిడ్డతో తన భాష మాటాడదు. ఐరిషు తల్లి చేసినదియు అదియే.

"ఆ మాటతో పొట్ట నిండునా?" యని కొందఱడుగుదురు. తెలుగును ఇంగ్లీషును మానుకొమ్మని కొండవారికి ఎవ్వరును చెప్పుటలేదు. వారిని ఆ రెండింటికిని దూరము చేయుట పాపము. కాని జ్వరముతో వచ్చిన ముదుసలి తన నొప్పి యెచటనో తన మాటలో చెప్పగలుగుట, ఒకటవ తరగతి పిల్లవాడు ఉపాధ్యాయుడేమనుచున్నాడో తెలిసికొనగలుగుట పొట్టకంటె చిన్న సంగతులు కావు. అందుకు భాష నేర్చుకొనవలసినవాడు ఆ ముదుసలి కాదు, ఆ పిల్లవాడు కాదు. వైద్యుడు, ఉపాధ్యాయుడు, రెవెన్యూ ఉద్యోగి, అనగా మనము.

చేయదగిన పని

ఇందుకు కోట్లు వెచ్చింపనక్కరలేదు. ఐరిషువారి భాండారములన్నిటికిని మూలము బడిపిల్లలు అవ్వలవద్ద కూర్చుండి వ్రాసిన కాగితములని చెప్పితిమి. నేడు కలము కంటె తేలికయైన సాధనము ప్రతియింట నున్నది. దేవరాపల్లి, అనంతగిరి మండలముల పాఠశాలలలో చదువు కొండదొర, కోందు పిల్లలు సెలవులలో తమ పెద్దల మాటలను ఫోనులో పట్టుకొని రావచ్చును. మొదట ఒక అయిదువందల మాటలు చాలును: శరీరావయవములు, చుట్టరికములు, చెట్లు, తిండి, వ్యవసాయపు పనులు, రోగములు. ప్రతిమాటకును ఒక గొంతు, ఒక వాక్యము. తెలుగు లిపిలో వ్రాయవలెను. మనము మూలబెట్టిన బండి 'ఱ'ను అందు మరల పనికి పెట్టవలెను. కొండకొండకు పలుకు మాఱినచో, ఐరిషువారి మూడు గొంతులవలె, అన్నిటిని ఉంచవలెను. ఒకటి ఒప్పని తక్కినవి త్రోయరాదు. కొండల పేర్లు, గెడ్డల పేర్లు వాని యర్థములతో కూడ ఎక్కించవలెను.

రెండు నియమములు తప్పరాదు. ఫోను సంకేతములు అందని కొండపల్లెలు పెక్కు కలవు గనుక ఒకసారి ఎక్కించుకొనిన పిమ్మట ఇంటర్నెట్టు లేకయే వినబడునట్లు సాధనము నుండవలెను. ఆ గొంతులు ఎవరివో ఆ సొత్తు వారిదే. వారి యనుమతి లేక ఏ వర్తకుని యంత్రమునకును మేతగా వేయరాదు. ప్రతి వాక్యమును కూబి పుట్టుభాషగా గలవారు పరీక్షింపవలెను, ఆ పనికి వారికి జీతమియ్యవలెను. స్కాట్సువారికి కలిగిన కీడు మనవలన కలుగరాదు.

ప్రభుత్వము చేయదగినది కూడ కలదు. 2004 నాటి వాచకములను అందఱకు అందునట్లు ఇంటర్నెట్టులో పెట్టుట ఒకటి. మన్యపు దాపున ఉద్యోగము చేయువారికి అచటి భాషలో కొద్దిపాటి పరీక్ష పెట్టి, నెగ్గినవారికి పారితోషిక మిచ్చుట రెండు. కేంద్రపథకముల సంఖ్యాపరిమితుల నడుమ చిక్కిన కూబి వంటి భాషలను రాష్ట్రమే చేపట్టుట మూడు. విశ్వవిద్యాలయములు విశాఖపట్టణమున నున్నవి. కొండలు కనుచూపు దూరమున నున్నవి. అడ్డమేమో మాకు కనబడదు.

కాని ప్రభుత్వము పూనువఱకు కాచుకొని కూర్చుండుట మన ధర్మము కాదు. గిడుగువారు ఏ యుత్తరువు కొఱకు కాచుకొనిరి? నిఘంటువు లేని కాలమున ఆయన మనుష్యునే నిఘంటువుగ చేసికొనిరి. ఆ పద్ధతి నేటికిని చెడలేదు. దేవరాపల్లిలో చింతపండు, కొండచీపుళ్ళు కొనువాడు బేరము మొదలిడకముందు ఒక్క కుశలప్రశ్నను అమ్ముడువాని మాటలో నడిగినచో, అది ఏ యంత్రమును చేయలేని పని. మన మాట వారు నేర్చి నూఱేండ్లైనది. వారి మాట మనము నేర్చు దినము వచ్చినదని మేము నమ్ముచున్నాము.